చెరువు కట్టకు కాపరి ఎవరు?

కల్లంలో కుప్పకు కాపలా ఉంది. మామిడి తోటకు కాపలా ఉంది. బోరు మోటారుకు సైతం రాత్రిళ్లు మంచం వేసుకుని కాపలా పడుకునే రోజులివి. వీటన్నిటికీ ప్రాణం పోసే చెరువుకు మాత్రం కాపలా లేదు. మన జిల్లాలో ఏ ఊరికైనా వెళ్లి, “మీ చెరువు తూము తిప్పే పిడి ఎవరి దగ్గరుంది?” అని అడిగి చూడండి. ఒకరు సర్పంచి గారి దగ్గర ఉందంటారు. ఒకరు సాగునీటి సంఘం అధ్యక్షుడి ఇంట్లో ఉందంటారు. మరొకరు ఇంజనీరు గారి ఆఫీసులో ఉండాలంటారు. చివరకు తేలేదేమంటే, పిడి పోయి చాలా ఏళ్లయింది. తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పది మంది చేతిలో పడ్డ పాము చావదంటారు. పది మంది చేతిలో పడ్డ చెరువు మాత్రం చస్తుంది.

గండి పడిన మరునాడు అందరూ వస్తారు. నాయకులు వస్తారు, అధికారులు వస్తారు, ఈ విలేఖరితో సహా పత్రికల వాళ్లమూ వస్తాం. గండి ఎన్ని గజాలో కొలుస్తారు. మరమ్మతుకు అంచనాలు వేస్తారు. అయితే కట్ట తెగింది నిన్న రాత్రి కాదు. అంతకు నాలుగైదేళ్ల ముందే ఒక ఎలుక బొరియలోనో, ఒక చెట్టు వేరులోనో, పశువులు తొక్కి పల్లం చేసిన ఒక దారిలోనో గండి మొదలైంది. దాన్ని చూసే మనిషి లేడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కట్టకు ఒక మనిషి కావాలి, ఆ మనిషికి కూలి కావాలి. ఈ విలేఖరి చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

నివర్ తుపాను రాత్రి

2020 నవంబరులో నివర్ తుపాను వచ్చింది. మన జిల్లా మొత్తం తడిసి ముద్దయింది. ఈ విలేఖరి సొంత ఊరి చెరువు చాలా ఏళ్లు బీడుపడి ఉండి, ఆ ఏడాది నిండింది. నిండిన చెరువును చూసి ఊరు ఊరంతా సంబరపడింది. రెండో పంటకూ నీళ్లు చాలాలని ఆయకట్టు రైతులం అంతా కలిసి మరవ మీద రెండడుగుల ఎత్తున ఇసుక మూటలు పేర్చాం. ‘పేర్చారు’ అని రాస్తే అబద్ధమవుతుంది. చివరి మడవ కింద మాకూ రెండెకరాలుంది. మూటలు మోసినవాళ్లలో ఈ విలేఖరి కూడా ఒకడు.

నవంబరు 26 చీకటి పడేసరికి వంక జోరుగా దిగుతోంది. నీళ్లు మూటల మీదుగా పొర్లుతున్నాయి. కట్ట మీద గొడ్లు దిగే దారి దగ్గర నీటికీ కట్ట తలకూ మధ్య మూరెడు కూడా లేదు. మూటలు తీసేద్దామని కొందరన్నారు. “ఇన్నేళ్లకు వచ్చిన నీళ్లు, మళ్లీ ఎప్పుడొస్తాయో” అని మరికొందరు అడ్డుపడ్డారు. మాటా మాటా పెరిగింది. వానలో నిలబడి వాదులాడుకుంటున్నాం.

అప్పుడు వచ్చాడు, ఒకప్పుడు మా ఊరి నీరుగట్టిగా ఉన్న పెద్దాయన. ఆయనకు డెబ్బై దాటాయి. మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. బ్యాటరీ లైటు తీసుకుని కట్ట వెనక వైపు దిగాడు. తూము పక్కన అడుగున ఒక చోట నీరు ఊరుతోంది. “అబ్బీ, ఈ నీళ్లు దోసిట్లో పట్టి సూడు. తేటగా ఉండాయా, బురదగా ఉండాయా?” అన్నాడు. లైటు వేసి చూస్తే ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. “అయితే కట్ట లోపల మన్ను కరిగి వస్తాంది. ఇంకా కొట్లాడుకుంటా ఉంటే తెల్లారేసరికి ఊరు కొట్టుకపోతాది” అన్నాడు.

ఆ తర్వాత వాదన లేదు. మరవ మీది మూటలే పీకి తెచ్చి, నీరు ఊరే చోటు చుట్టూ గుండ్రంగా, నడుము ఎత్తున పేర్చాం. ఆ గుండ్రంలో ఇసుక, దాని మీద కంకర, దాని మీద రాళ్లు వేయించాడు. రంధ్రాన్ని బంకమట్టితో మూసేద్దామని ఎవరో అంటే వద్దని కసిరాడు. “ఇక్కడ మూస్తే ఇంకోచోట పగులుతాది. నీళ్లను రానీ, మన్నును మాత్రం రానీయొద్దు” అన్నాడు. మూటలు తీసేయడంతో మరవ పూర్తిగా పారి చెరువులో మట్టం మెల్లగా తగ్గింది. తెల్లవారేసరికి గుండ్రంలో నీరు తేటపడింది. కట్ట నిలిచింది.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన స్థానంలో మరొకరిని ఊరు పెట్టుకోలేదు. మళ్లీ అలాంటి రాత్రి వస్తే నీళ్లు తేటగా ఉన్నాయో బురదగా ఉన్నాయో దోసిట్లో పట్టి చూసేవారెవరు? ఈ ప్రశ్నే ఈ నాలుగు మాటలు రాయించింది.

మట్టికట్ట గుణం

మట్టికట్ట రాతికట్ట వంటిది కాదు. రాతికట్ట మీదుగా నీరు పొర్లినా కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టికట్ట ఓర్చుకోదు. తల మీదుగా నీరు దూకిందంటే వెనక వాలు కోసుకుపోతుంది. కోత వెనకనుంచి ముందుకు వస్తుంది. అలా మొదలైన కోతను ఆపడం మనిషి వల్ల కాదు. అందుకే మన పెద్దలు చెరువుకు మరవ పెట్టారు. కట్ట తల కంటే మరవ తక్కువ ఎత్తులో ఉంటుంది. ఆ తేడాయే ఊరి ప్రాణం. మరవ మీద రెండడుగులు మూటలు పేరిస్తే రెండడుగుల నీరు ఎక్కువ వచ్చిందని మనం లెక్క వేసుకుంటాం. రెండడుగుల ప్రాణం తగ్గిందని లెక్క వేసుకోం.

కట్ట తల ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం ఉంటే, ఎత్తు ఎంతో అక్కరకు రాదు. నీరు వెతికేది పల్లాన్నే. ట్రాక్టర్లు ఎక్కి దిగే చోట, గొడ్లు నీళ్లకు దిగే చోట, గుడికి అడ్డదారి తొక్కిన చోట కట్ట ఏటా కొంచెం కొంచెం కుంగుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఇంజనీరు అక్కరలేదు. ఇల్లు కట్టే మేస్త్రీ నీళ్లు పోసిన సన్నగొట్టంతో మట్టం చూస్తాడు కదా. అదే గొట్టంతో ఒక పూటలో కట్ట పొడవునా మట్టం చూడవచ్చు.

కట్టలో కొంత నీరు ఊరడం సహజం. ఊరే నీరు తేటగా ఉండి, చెరువు మట్టం మారకుండా ఊట పెరగకుంటే కంగారు లేదు. ఊట ఎక్కువైనా, బురదగా మారినా, కొత్త చోట కనబడినా ప్రమాదం. ముఖ్యంగా తూము గొట్టం పక్కన. ఇటుకకూ మట్టికీ, రాతికీ మట్టికీ అతుకు ఉన్న చోటే నీరు దారి చేసుకుంటుంది. పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల బొరియలు, చెదపుట్టలు ఆ దారిని ఇంకా సులభం చేస్తాయి.

చెట్ల సంగతి వేరే చెప్పాలి. కట్ట మీద గడ్డి ఉండాలి, చెట్టు ఉండకూడదు. గడ్డి వాన కోతను ఆపుతుంది. చెట్టు వేరు కట్ట కడుపులోకి దిగుతుంది. ఆ చెట్టు చచ్చాక వేరు కుళ్లి, దాని స్థానంలో గొట్టం వంటి బొక్క మిగులుతుంది. మన చెరువు కట్టల మీద సర్కారు కంప అడవిలా పెరిగి, మనిషి నడవడానికే సందు లేదు. మనిషి నడవని కట్ట మీద ఊట ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

మన సీమకు మరొక ప్రమాదం ఉంది. నాలుగేళ్లు కరువు, ఒక ఏడు వరద మన రివాజు. ఎండిన ఏళ్లలో కట్ట మట్టి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు పూడ్చకుండా, ఒక్క తుపానుకు రాత్రికి రాత్రి చెరువు నిండితే, నీరు నేరుగా నెర్రెల్లోకి దూరుతుంది. ఏటా నిండే చెరువు కంటే ఎన్నాళ్లకో నిండిన చెరువును ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. మనం చేసేది తద్విరుద్ధం. నిండగానే గంగమ్మకు పూజ చేస్తాం, మేకపోతును కోస్తాం, ఇంటికి వెళ్లి నిద్రపోతాం.

పోరుమామిళ్ల రాయి చెప్పిన మాట

ఈ శాస్త్రమంతా పై దేశాలనుంచి వచ్చింది కాదు. మన పోరుమామిళ్లలోనే రాతి మీద ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను కూడా ఆ శాసనం వరసపెట్టి చెప్పింది.

ఆరు దోషాలలో మొదటిది కట్టనుంచి నీరు కారడం. రెండోది చవుడు నేల. మూడోది రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. నాలుగోది చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం. అయిదోది నీరు తక్కువ, సాగుభూమి ఎక్కువ కావడం. ఆరోది భూమి తక్కువ, నీరు ఎక్కువ కావడం. ఆరున్నర వందల ఏళ్ల కిందటే కారే కట్టను మొదటి దోషంగా చెప్పినవారి ఊళ్లలో పుట్టి, మనం కారే కట్టను చూస్తూ ఊరుకుంటున్నాం. ఆ చెరువు నేటికీ నిలిచి ఉంది. అది ఊరికే నిలవలేదు. తరతరాలుగా ఎవరో ఒకరు చూసుకున్నారు కనుక నిలిచింది.

చూసుకున్న వారికి ఊరు బత్తెమిచ్చింది. దశబంధం ఇనాం అనే మాట మన జిల్లాలో ముసలివారికి ఇంకా గుర్తు. చెరువు తవ్వించిన వారికి, దాన్ని మరమ్మతు చేస్తూ ఉండేవారికి భూమి ఇచ్చే పద్ధతి అది. నీరుగట్టికి మాన్యమో, కల్లంలో మేరో ఉండేది. కాలక్రమంలో మాన్యాలు పట్టాలయ్యాయి. మేరలు ఆగిపోయాయి. భూమి ఎవరో ఒకరి పేర మిగిలింది. దానికి కట్టిన పని మాత్రం ఎవరి పేరా మిగల్లేదు.

చెయ్యేరు నేర్పిన పాఠం

మనిషి, నూనె, మరమ్మతు అనేవి చిన్న విషయాలని అనుకునేవారు 2021 నవంబరు 19ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఉదయం రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛ ప్రాజెక్టు వద్ద కట్ట తెగి ఆ నీరు కూడా వచ్చి పడింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలు ఇసుక మేటల కింద పడ్డాయి. ఎన్నో ఇళ్లలో దీపం పెట్టేవారు లేకుండా పోయారు.

కారణం మీద వాదోపవాదాలు జరిగాయి. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి 2021 డిసెంబరులో రాజ్యసభలో చెప్పారు. గేట్లు వదలగలిగిన దాని కంటే ఎక్కువ వరద వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఎవరి మాట ఎంత నిజమన్నది తేల్చడం ఈ విలేఖరి పని కాదు. ఊరి చెరువు రైతుకు రెండు మాటల్లోనూ పాఠం ఉంది. తెరుచుకోవలసిన తలుపు తెరుచుకునేట్లు ఉంచుకో. పారవలసిన దారిని పారేటంత వెడల్పుగా ఉంచుకో. అది పెద్ద ప్రాజెక్టు, మనది చిన్న చెరువు అని తీసిపారేయవద్దు. మట్టి గుణం రెండింటికీ ఒకటే.

ఇద్దరి హద్దులో ఉన్న కట్ట

శాసనం చెప్పిన మూడో దోషం, రెండు రాజ్యాల సరిహద్దు, పాతకాలపు మాటగా కొందరికి తోచవచ్చు. గోదావరి ఒడ్డున జరిగినది చూస్తే అది నిన్నటి మాటే అని తెలుస్తుంది. తెలంగాణలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు ఉంది. 2014లో వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు కట్ట ఒక రాష్ట్రంలో, ఆయకట్టులో ఎక్కువ భాగం మరొక రాష్ట్రంలో మిగిలిపోయాయి. 2024 జులై 18 రాత్రి ఆ కట్టకు గండి పడింది. నీరు దిగువకు వచ్చి వేలేరుపాడు, కుక్కునూరు మండలాల పల్లెలను, పొలాలను ముంచింది. కట్ట ఉన్నచోటు వేరు, మునిగినచోటు వేరు.

మన చెరువులకు రాష్ట్రాల హద్దు లేదు. అయితే మరొక రకం హద్దు ఉంది. పెద్ద చెరువు జలవనరుల శాఖదంటారు, చిన్న చెరువు పంచాయతీదంటారు. నీటి పంపకం సంఘానిదంటారు. ముంపు భూముల ఆక్రమణ రెవెన్యూ వారు చూడాలంటారు. కంప కొట్టడం ఉపాధి పనుల కింద పెట్టాలంటారు. ఇన్ని హద్దుల నడుమ ఒక ఎలుక బొరియ ఎవరి కిందికి వస్తుంది? పూర్వం రెండు రాజ్యాల హద్దు ఒక దోషమైతే, ఇప్పుడు నాలుగు ఆఫీసుల హద్దు నాలుగు దోషాలతో సమానం.

ఇక చట్టం సంగతి. ఆనకట్టల భద్రతకు 2021లో పార్లమెంటు చట్టం చేసింది. వానాకాలానికి ముందూ వెనకా తనిఖీ చేయాలని, నిర్వహణకు పుస్తకం ఉండాలని, ఆపద వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలని అందులో మంచి నియమాలున్నాయి. అయితే అది 15 మీటర్లకు పైబడిన ఆనకట్టలకు, కొన్ని షరతుల మీద 10 నుంచి 15 మీటర్ల వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన ఊరి చెరువు కట్టల్లో ఎక్కువ భాగం అంత ఎత్తు ఉండవు. అంటే ఢిల్లీ చట్టం మన కట్ట దాకా రాదు. దాని నియమాలను మనం తెచ్చుకోకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

తప్పు మనదీ ఉంది

అధికారులను అనడం తేలిక. మన తప్పులు కూడా ఒప్పుకుంటేనే ఆ మాటకు విలువ. కట్ట లోపలి వాలుకు అలల దెబ్బ తగలకుండా పేర్చిన రాళ్లను ఇంటి పునాదులకు తరలించుకుపోయింది ఎవరు? మనమే. మరవ నీరు పారే వంకలో ఏడాదికి ఒక గెనిమ చొప్పున ముందుకు జరిగి మడి కలుపుకున్నది ఎవరు? మనమే. చెరువు ముంపులో పంట వేసి, పంట మునుగుతుందని అర్ధరాత్రి మరవ రాయి పీకినవారూ, నీరు చాలదని మరవ మీద మూటలు పేర్చినవారూ ఇద్దరూ మన ఊరివారే. కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది?

ఈమధ్య మరొక తప్పు కనబడుతోంది. పూడికతీత పేర జేసీబీలు చెరువులోకి దిగుతున్నాయి. పూడిక తీయడం మంచిదే, ఒండ్రు పొలానికి బలమే. కానీ బండి తిప్పుకోవడం సులువని కట్ట పాదాన్ని ఆనుకునే తవ్వుతున్నారు. కట్ట అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బంకమట్టి నీటిని కిందికి పోనీయకుండా అడ్డుపడుతుంది. దాన్ని తవ్వేస్తే కట్ట కింద నీటికి తలుపు తీసినట్లే. తవ్వేది చెరువు నడుమ తవ్వాలి. కట్ట దరిదాపులకు పోకూడదు.

గండి పూడ్చడంలోనూ ఇదే తొందర. టిప్పర్ల కొద్దీ మట్టి తెచ్చి కుమ్మరించి, పైన జేసీబీ బకెట్టుతో తట్టి, పని అయిందంటున్నారు. కుమ్మరించిన మట్టి కుప్ప అవుతుంది కాని కట్ట కాదు. పాత కట్టను మెట్లు మెట్లుగా కోసి, కొత్త మట్టిని జానెడు మందం కూడా మించకుండా పరచి, తడిపి, రోలరుతోనో దిమ్మిసతోనో గట్టిపరచి, దాని మీద మరో వరస వేయాలి. మన ఒడ్డె మేస్త్రీలకు ఈ పని తెలుసు. వారిని అడిగే కాంట్రాక్టరు కనబడడం లేదు.

ఏం చేయాలి?

ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడే మొదటి పని. కట్ట మీది కంప కొట్టాలి. చిన్న మొక్కలను వేళ్లతో పీకాలి. పెద్ద చెట్టు కొట్టి మొద్దు వదిలేయకూడదు. ఇంజనీరును అడిగి, వేరు తవ్వి తీసి, ఆ గుంటను బంకమట్టితో వరసలు వరసలుగా గట్టిగా నింపాలి. నెర్రెలు, బొరియలు పూడ్చాలి. పల్లం పడిన చోట కట్ట తల లేపాలి. తూము తలుపును ఒకసారి పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి చూడాలి. మరకు గ్రీజు పూయాలి. చెరువు నిండాక తిరగని తలుపు ముందే తిరిగేట్లు చేసుకోవాలి.

వానలు పడేముందు మరవ మీద, మరవ వంకలో ఏ అడ్డూ లేకుండా చూడాలి. కట్ట పక్కన నూరు, నూటయాభై ఖాళీ సంచులు, రెండు బండ్ల ఇసుక, ఒక బండి కంకర సిద్ధంగా ఉంచాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని పెట్టుకోకూడదు.

చెరువు నిండాక రోజూ ఒకసారి, తుపాను రాత్రి గంటకొకసారి, కట్ట తల మీదా కట్ట వెనక అడుగునా మనిషి నడవాలి. ఊట ఎక్కడుంది, తేటా బురదా, నిన్నటి కంటే పెరిగిందా అన్నది పుస్తకంలో రాయాలి. బురద ఊట కనబడితే వెంటనే ఇంజనీరుకు, కింది ఊళ్లకు కబురు పోవాలి. తూము నుంచి నీరు వదిలి మట్టం తగ్గించాలి. అయితే ఊరికే ఉన్నప్పుడు చెరువును ఒక్కసారిగా ఖాళీ చేయడం కూడా తగదు. నీరు చప్పున దిగిపోతే తడిసి బరువెక్కిన లోపలి వాలు జారిపోతుంది. ఎంత తొందరలో ఎంత దించాలన్నది తెలిసినవారు పక్కన ఉండాలి.

ఈ పనులన్నీ చదివితే కొండంత కనిపిస్తాయి. నిజానికి ఇవన్నీ ఒక మనిషి పని. ఆ ఒక్కడే నీరుగట్టి.

ఖర్చు ఎంత?

లెక్క వేద్దాం. రెండు వందల ఎకరాల ఆయకట్టు ఉన్న చెరువు అనుకోండి. జులై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలు, నెలకు 10 వేల రూపాయల చొప్పున ఒక మనిషిని పెట్టుకుంటే 60 వేలు. ఎకరాకు 300 రూపాయలు పడుతుంది. ఒక ఎకరాకు మనం కొట్టే పురుగుమందు ఖర్చు దీనికి ఎన్ని రెట్లో రైతులకు చెప్పనక్కరలేదు. గండి పడితే పోయేది ఆ ఏటి పంట ఒక్కటే కాదు. మడి మీద ఇసుక మేట వేస్తే అది తీయించడానికే ఏళ్లు పడుతుంది.

“మేమెందుకివ్వాలి, ప్రభుత్వం ఇవ్వాలి” అని కొందరు అనవచ్చు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. చెరువు ప్రభుత్వ ఆస్తి. కట్టను ఎత్తు చేయడం, మరవ వెడల్పు చేయడం, తూము మార్చడం వంటి పెద్ద పనులు ప్రభుత్వమే చేయాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇంజనీరు కట్ట మీద నడచి, పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇది డిమాండే, బతిమాలడం కాదు. కానీ రాత్రి రెండు గంటలకు వెనక పాదం దగ్గర నీరు తేటో బురదో చూసే మనిషిని జిల్లా కేంద్రం నుంచి పంపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. ఆ మనిషి ఊళ్లోనే ఉండాలి.

సాగునీటి సంఘాల చట్టం 1997 నుంచి ఉంది. చాలాకాలం ఎన్నికలు లేక నీరసించిన సంఘాలకు 2024 డిసెంబరు 14న మళ్లీ ఎన్నికలు జరిగాయి. అధ్యక్షుడెవరన్న దాని మీద మన ఊళ్లలో చూపిన పట్టుదలలో పదో వంతు నీరుగట్టి ఎవరన్న దాని మీద చూపితే చాలు. సంఘం మొట్టమొదటి తీర్మానం అదే కావాలి. నీరుగట్టి పేరు, అతని కూలి, పిడి అతనికి అప్పగించిన తేదీ. ఈ మూడు విషయాలు పంచాయతీ గోడ మీద రాయించాలి. మరవ మీద మూట పెట్టినవారు ఎవరైనా సరే, ఎంతటివారైనా సరే, తీసేసే అధికారం అతనికి ఊరు ఇవ్వాలి. కూలి ఇచ్చి మాట ఇవ్వకపోతే అతను గొడ్ల కాపరితో సమానమే అవుతాడు.

మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులతో వస్తాయి. ఆలోగా ప్రతి ఊరి వారూ ఒక పూట కట్ట మీద ఈ చివరనుంచి ఆ చివరకు నడవాలని ఈ విలేఖరి మనవి. నడవడానికి దారి లేకపోతే కంప కొట్టాలన్నమాట. నడిచి వచ్చాక పిడి ఎవరి దగ్గరుందో అడగాలి. ఎవరి దగ్గరా లేదని తేలితే ఆ సాయంత్రమే రచ్చబండ దగ్గర కూర్చుని ఒక పేరు తేల్చాలి. మా ఊళ్లో ఆ కూర్చునే పని వచ్చే ఆదివారం పెట్టుకున్నాం. మా రెండెకరాలకు పడే 600 రూపాయలు ముందుగానే తీసిపెట్టాం.